ఐ-లీగ్ 2024–25: లొసేన్‌లో తేలిన టైటిల్

భారత ఫుట్‌బాల్‌లో అప్పట్లో రెండో శ్రేణి జాతీయ పోటీ ఐ-లీగ్. దాని 2024–25 సీజన్ నవంబరు 22న మొదలై ఏప్రిల్ 6న ముగిసింది. పన్నెండు క్లబ్బులు, ఒక్కొక్కటి 22 ఆటలు, మొత్తం 132 మ్యాచ్‌లు. అన్నీ పూర్తయ్యాయి. విజేత పేరు మాత్రం జులై 18 దాకా ఖరారు కాలేదు. అదీ ఖరారైంది గోవాలోనో కోల్‌కతాలోనో కాదు, స్విట్జర్లాండ్‌లోని లొసేన్ నగరంలో, అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ముందు. ఏప్రిల్ చివర్లో ట్రోఫీ ఎత్తిన క్లబ్ ఒకటి, చివరికి ఛాంపియన్‌గా నమోదైన క్లబ్ మరొకటి. దేశవాళీ ఫుట్‌బాల్ చరిత్రలో ఇలాంటి సీజన్ అరుదు.

ఆట నాణ్యత కోసమో, తారల కోసమో ఈ సీజన్‌ను గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. పై శ్రేణికి వెళ్లే తలుపు ఒక్కటే ఉన్నప్పుడు దాని ముందు ఎంత తోపులాట జరుగుతుందో, ఆ తలుపు దగ్గర కాపలా ఉన్న యంత్రాంగం ఎంత తడబడుతుందో చూపించినందుకే దీన్ని వివరంగా చెప్పుకోవాలి.

రెండో మెట్టుకు దిగిన లీగ్

ఐ-లీగ్ పుట్టుకతో రెండో శ్రేణి కాదు. 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ పేరుతో దేశమంతటికీ ఒకే లీగ్ మొదలైంది. పంజాబ్‌లోని ఫగ్వాడాకు చెందిన జేసీటీ మిల్స్ దాని తొలి విజేత. 2007లో ఆ పోటీనే ఐ-లీగ్‌గా మార్చారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, డెంపో, చర్చిల్ బ్రదర్స్ వంటి పాత క్లబ్బులదే అప్పట్లో రాజ్యం. 2014లో పెట్టుబడి, టీవీ వెలుగులు, సినీ, క్రికెట్ ప్రముఖుల యాజమాన్యాలతో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది. మొదట్లో రెండూ పక్కపక్కనే నడిచాయి. తర్వాత ఒక్కో పెద్ద క్లబ్ అటు మళ్లింది. 2017లో బెంగళూరు ఎఫ్‌సీ వెళ్లింది. 2020లో కోల్‌కతా జంట మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కూడా కదిలాయి. అప్పటికే 2019 అక్టోబరులో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య సమక్షంలో ఒక మార్గసూచి ఖాయమైంది. సూపర్ లీగ్ మొదటి శ్రేణి, ఐ-లీగ్ రెండో శ్రేణి. 2022–23 నుంచి ఐ-లీగ్ విజేతకు ప్రవేశ రుసుము లేకుండా పై లీగ్‌లో చోటు. 2024–25 నాటికి పై లీగ్ అట్టడుగు జట్టు కిందికి దిగాలన్న మాట కూడా అందులో ఉంది.

మొదటి సగం అమలైంది. 2022–23లో పంజాబ్ ఎఫ్‌సీ, 2023–24లో 1891 నాటి కోల్‌కతా క్లబ్ మహమ్మదన్ స్పోర్టింగ్ పైకి వెళ్లాయి. రెండో సగం కాగితం దాటలేదు. పైకి వెళ్లిన తొలి ఏడాదే మహమ్మదన్ సూపర్ లీగ్‌లో పదమూడు జట్లలో పదమూడోదిగా నిలిచింది, అయినా కిందికి రాలేదు. ఒకసారి ఎక్కితే దిగాల్సిన భయం లేదన్నమాట. ఈ అసమానతే ఐ-లీగ్ టైటిల్‌కు మామూలు కప్పుకు మించిన విలువ కట్టింది. అందుకే ఈ సీజన్‌లో ఒక్కో పాయింటు కోసం క్లబ్బులు మైదానంలో పోరాడినంతగానూ వకీళ్ల ద్వారా పోరాడాయి.

పన్నెండు క్లబ్బులు, పన్నెండు రకాల లోకాలు

పైకి వెళ్లిన మహమ్మదన్ స్థానంతో పాటు మరో రెండు చోట్లు ఖాళీ అయ్యాయి. ఇంఫాల్ క్లబ్బులు నెరోకా, ట్రావ్ రెండూ మూడో శ్రేణికి పడిపోయాయి. మణిపుర్ అల్లర్ల కారణంగా అంతకుముందు సీజన్‌లో ఆ రెండూ సొంత ఊరికి దూరంగా, ఇతర రాష్ట్రాల మైదానాల్లో ఆడాల్సి వచ్చింది. సొంత ప్రేక్షకులు లేని జట్టు ఎలా ఆడుతుందో పాయింట్ల పట్టికే చెప్పింది. దేశానికి అంతమంది ఆటగాళ్లను ఇచ్చిన మణిపుర్‌కు అలా ఐ-లీగ్‌లో ప్రాతినిధ్యం పోయింది.

కింది నుంచి స్పోర్టింగ్ క్లబ్ బెంగళూరు, గోవాకు చెందిన డెంపో పైకి వచ్చాయి. ఐదుసార్లు జాతీయ లీగ్ గెలిచిన డెంపో మూడో శ్రేణిలోంచి తిరిగి రావడం పాత అభిమానులకు పండగే. అవికాక మిజోరం నుంచి 2016–17 విజేత ఐజ్వాల్, మేఘాలయ నుంచి షిల్లాంగ్ లజోంగ్, శ్రీనగర్ నుంచి రియల్ కశ్మీర్, కోజికోడ్ నుంచి రెండుసార్ల విజేత గోకులం కేరళ, జైపుర్ నుంచి రాజస్థాన్ యునైటెడ్, హైదరాబాద్ నుంచి శ్రీనిధి డెక్కన్, గోవా నుంచి చర్చిల్ బ్రదర్స్ ఉన్నాయి. లూథియానా జిల్లాలోని శ్రీ భైణీ సాహిబ్ గ్రామం కేంద్రంగా నడిచే నామ్‌ధారి మరొకటి. పేర్లకూ ఊళ్లకూ పొంతన కుదరనివీ ఉన్నాయి. ఢిల్లీ ఎఫ్‌సీ సొంత మైదానం పంజాబ్‌లోని మాహిల్‌పుర్. వారణాసి పేరు మీద 2023లో పుట్టిన ఇంటర్ కాశీ సొంత మ్యాచ్‌లు ఆడింది గంగ ఒడ్డునే గానీ, వందల కిలోమీటర్లు దిగువన, పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి స్టేడియంలో.

శ్రీనగర్ చలిలో కృత్రిమ పచ్చిక మీద ఆడిన జట్టు కొన్ని రోజులకే కోజికోడ్ ఉక్కపోతలో పరుగెత్తాలి. ఆ తర్వాత ఐజ్వాల్ కొండల్లోకి విమానం, ఆపైన ఘాట్ రోడ్డు. సూపర్ లీగ్ జట్లకున్నంత పెద్ద బృందాలు, బడ్జెట్లు వీటికి లేవు. ఐ-లీగ్ ఫలితాలు ఊహకు అందకపోవడానికి ఈ ప్రయాణాలు కొంత కారణం. పాత లెక్కలతో పోలిస్తే ఈ సీజన్ ఎంత హోరాహోరీగా సాగిందో తెలుస్తుంది. 2022–23లో పంజాబ్ ఎఫ్‌సీ 22 మ్యాచ్‌ల్లో 52 పాయింట్లతో గెలిచింది. ఈసారి అన్ని తీర్పులూ వచ్చాక కూడా విజేత ఖాతాలో ఉన్నవి 42. మొత్తం 66 పాయింట్లలో మూడో వంతుకు పైగా పోగొట్టుకున్న జట్టు ఛాంపియన్ అయిందంటే, ఎవరు ఎవరినైనా ఓడించగల లీగ్ అని అర్థం.

తెలుగు నేల మీది జట్టు

ప్రారంభ దినం నాటి మ్యాచ్‌లలో ఒకటి హైదరాబాద్ శివార్లలోని అజీజ్‌నగర్‌లో, డెక్కన్ అరీనాలో జరిగింది. శ్రీనిధి డెక్కన్ మీద గోకులం కేరళ 3–2తో గెలిచింది. శ్రీనిధి సీజన్ మొత్తానికీ ఆ మ్యాచ్ ఒక నమూనాగా మిగిలింది. గోల్స్ కొట్టడానికి లోటు లేదు, కొట్టినవాటిని కాపాడుకోవడమే కష్టమైంది. కొలంబియాకు చెందిన ఆ జట్టు ఫార్వర్డ్ డేవిడ్ కాస్టనేడా 17 గోల్స్‌తో లీగ్ మొత్తంలో అగ్రస్థానంలో నిలిచాడు. జట్టు మాత్రం టైటిల్ పోరు దరిదాపుల్లోకి రాలేకపోయింది.

అంతకుముందు మూడేళ్లు చూస్తే ఇది నిరాశే. శ్రీనిధి విద్యా సంస్థల వారి ఈ క్లబ్‌కు 2020లో ఐ-లీగ్‌లో చోటు దక్కింది విశాఖపట్నం పేరు మీద. కోవిడ్ కాలంలో బెంగాల్‌లోనే జరిగిన 2021–22 సీజన్‌లో అరంగేట్రం చేసి మూడో స్థానంలో నిలిచింది. తర్వాత హైదరాబాద్‌కు మారి, సొంత మైదానం ఉన్న కొద్ది క్లబ్బుల్లో ఒకటిగా వరుసగా రెండేళ్లు రెండో స్థానంలో ఆగింది. 2022–23లో విజేతకూ దీనికీ పది పాయింట్ల దూరం. 2023–24లో మహమ్మదన్‌కు 52 అయితే దీనికి 48. సూపర్ లీగ్ గడప దాకా వెళ్లి వెనక్కొచ్చిన ఆ రెండేళ్లలో దేనిలోనైనా 42 పాయింట్లు చాలివుంటే కథ వేరేలా ఉండేది.

సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన నగరమిది. ఇక్కడ ఐ-లీగ్ మ్యాచ్ జరుగుతోందన్న సంగతే చాలామందికి తెలియకపోవడం మరో బాధ.

ఏప్రిల్ 6

చివరి రోజుకు వచ్చేసరికి అమల్లో ఉన్న పట్టిక ప్రకారం చర్చిల్ బ్రదర్స్‌కు 39, గోకులం కేరళకు 37, రియల్ కశ్మీర్‌కూ ఇంటర్ కాశీకీ 36 చొప్పున పాయింట్లు ఉన్నాయి. నాలుగు జట్లకూ లెక్కల ప్రకారం అవకాశం ఉంది. శ్రీనగర్‌లో చర్చిల్, రియల్ కశ్మీర్ ముఖాముఖి తలపడుతుండటంతో ఉత్కంఠ ఇంకా పెరిగింది.

అసలు నాటకం కోజికోడ్‌లో జరిగింది. డెంపోతో మ్యాచ్‌లో గోకులం తొలి పావుగంటలోపే 2–0 ఆధిక్యంలోకి వెళ్లింది. రెండు గోల్సూ లెసోతో దేశపు ఫార్వర్డ్ తబిసో బ్రౌన్‌వే. గెలిస్తే 40 పాయింట్లు. కోల్పోవడానికి ఏమీ లేని డెంపో మాత్రం వదల్లేదు. స్కోరు సమం చేసింది, బ్రౌన్ మూడో గోల్ కొట్టినా మళ్లీ పుంజుకుంది, చివరికి 4–3తో గెలిచింది. టైటిల్ వేటలో ఉన్న రోజున హ్యాట్రిక్ కొట్టి కూడా ఓడిన పక్షాన నిలవడం ఏ ఆటగాడికైనా చేదు జ్ఞాపకమే. శ్రీనగర్‌లో చర్చిల్, కశ్మీర్ 1–1తో పాయింట్లు పంచుకున్నాయి. కల్యాణిలో ఇంటర్ కాశీ 3–1తో రాజస్థాన్ యునైటెడ్‌ను ఓడించింది.

సాయంత్రానికి లెక్క ఇదీ: చర్చిల్ 40, ఇంటర్ కాశీ 39, గోకులం, కశ్మీర్ చెరో 37. మామూలు సీజన్‌లో ఇక్కడితో వ్యాసం ముగిసేది. గోవా మాజీ ముఖ్యమంత్రి చర్చిల్ అలెమావ్ కుటుంబం నడిపే క్లబ్‌కు 2008–09, 2012–13ల తర్వాత మూడో టైటిల్ వచ్చినట్టే. కానీ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ సాయంత్రం ఎవరినీ విజేతగా ప్రకటించలేదు. జనవరి నాటి ఒక మ్యాచ్ ఫలితం ఇంకా తేలకుండా ఉంది.

రెండు ఫైళ్లు

జనవరి 13న నామ్‌ధారి 2–0తో ఇంటర్ కాశీని ఓడించింది. ఆ మ్యాచ్‌లో నామ్‌ధారి ఆడించిన బ్రెజిల్ ఆటగాడు అప్పటికే నాలుగు పసుపు కార్డులు చూసివున్నాడనీ, నిబంధన ప్రకారం ఆ రోజు బయట కూర్చోవాల్సిందనీ ఇంటర్ కాశీ ఫిర్యాదు చేసింది. ఫిబ్రవరిలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ సంఘం ఫిర్యాదును అంగీకరించి, మ్యాచ్‌ను 3–0తో ఇంటర్ కాశీకి ఇచ్చింది. నామ్‌ధారి అప్పీలుకు వెళ్లింది. మార్చి చివర్లో అప్పీలు సంఘం ఆ నిర్ణయంపై స్టే ఇచ్చింది. చివరి రోజున ఇంటర్ కాశీ ఖాతాలో ఆ మూడు పాయింట్లు కనిపించకపోవడానికి కారణం అదే. ఉంటే 42. లేకపోతే 39. టైటిల్ మొత్తం ఈ తేడా మీద నిలబడింది.

ఏప్రిల్ 18న అప్పీలు సంఘం నామ్‌ధారి పక్షాన తీర్పు చెప్పింది. మైదానంలో వచ్చిన ఫలితమే నిలిచింది, ఆ వెంటనే చర్చిల్‌ను సమాఖ్య ఛాంపియన్‌గా ప్రకటించింది. ఇంటర్ కాశీ లొసేన్‌కు వెళ్లింది. ఏప్రిల్ 27న మధ్యవర్తిత్వ న్యాయస్థానం విజేత ప్రకటనను, బహుమతి ప్రదానాన్ని ఆపాలని ఆదేశించింది. అదే రోజు గోవాలో చర్చిల్ ఆటగాళ్లు పతకాలు వేసుకుని ట్రోఫీతో ఫొటోలు దిగారు. ఉత్తర్వు అందేసరికే కార్యక్రమం జరిగిపోయిందని సమాఖ్య వివరణ. ఆ తర్వాత ట్రోఫీని తిరిగి ఇవ్వమని అదే సమాఖ్య క్లబ్‌ను కోరింది. ఇచ్చిన చేత్తోనే వెనక్కి అడగాల్సి రావడం కన్నా ఏ క్రీడా సంఘానికీ పెద్ద తలవంపు ఉండదు.

రెండో ఫైలు స్పెయిన్ ఫార్వర్డ్ మారియో బార్కోది. గాయపడిన బార్కో స్థానంలో ఇంటర్ కాశీ సీజన్ మధ్యలో మరో విదేశీ ఆటగాణ్ని నమోదు చేసింది. జనవరి బదిలీల గడువులో బార్కోను మళ్లీ జాబితాలోకి తెచ్చింది. విదేశీ ఆటగాళ్లకు చోట్లు పరిమితం కాబట్టి ప్రతి మార్పూ కీలకమే. ఒకసారి తీసేసిన ఆటగాణ్ని అదే సీజన్‌లో తిరిగి చేర్చడం నిబంధనలకు విరుద్ధమని చర్చిల్, రియల్ కశ్మీర్, నామ్‌ధారి వాదించాయి. సమాఖ్య అప్పీలు సంఘం వారితో ఏకీభవించింది. ఆ తీర్పే నిలిచివుంటే బార్కో ఆడిన మ్యాచ్‌ల పాయింట్లు పోయి, నామ్‌ధారి కేసులో గెలిచినా ఇంటర్ కాశీకి ప్రయోజనం ఉండేది కాదు. అంటే ఆ క్లబ్ టైటిల్ దక్కించుకోవాలంటే రెండు కేసులూ గెలవాలి.

రెండూ గెలిచింది. జూన్ 17న బార్కో వ్యవహారంలో, జులై 18న నామ్‌ధారి వ్యవహారంలో లొసేన్ తీర్పులు దానికి అనుకూలంగా వచ్చాయి. ఇంటర్ కాశీని తక్షణం విజేతగా ప్రకటించాలని రెండో తీర్పు సమాఖ్యను ఆదేశించింది. వ్యాజ్యం ఖర్చుల్లో పెద్ద వాటా సమాఖ్య నెత్తినే పడింది. మిగతాది ప్రత్యర్థి క్లబ్బులు పంచుకున్నాయి.

ఈ వ్యవహారంలో ఏ క్లబ్‌నూ పూర్తిగా తప్పుపట్టలేం. ఇంటర్ కాశీ నిబంధనల పుస్తకం పట్టుకుని నిలబడింది. అది దాని హక్కు. చర్చిల్ మైదానంలో గెలుచుకున్న 40 పాయింట్లను నమ్ముకుంది. అదీ సహజమే. తప్పు ఆలస్యానిది. జనవరి మ్యాచ్‌పై ఫిర్యాదు ఫిబ్రవరిలో ఒకలా, మార్చిలో ఇంకోలా, ఏప్రిల్‌లో మరోలా మలుపు తిరుగుతుంటే చివరి నెల అంతా జట్లు తమ పాయింట్లెన్నో తెలియకుండా ఆడాయి. పసుపు కార్డుల లెక్క మ్యాచ్‌కు ముందే సమాఖ్య బల్ల మీద తేలాల్సిన విషయం. అది ఆరు నెలల తర్వాత ఖండాంతరంలో తేలింది.

మైదానంలో ఇంటర్ కాశీ

కోర్టు గొడవలో పడి ఆ జట్టు ఆడిన ఆటను మరచిపోవడం అన్యాయం. 2014లో తొలి సూపర్ లీగ్‌నూ, 2019–20లో మరోసారీ కోల్‌కతా జట్టుకు గెలిపించిపెట్టిన స్పెయిన్ కోచ్ ఆంటోనియో లోపెజ్ హబాస్ చేతిలో పగ్గాలు ఉన్నాయి. 2023–24లో మోహన్ బగాన్‌కు సూపర్ లీగ్ దశ అగ్రస్థానానికి ఇచ్చే షీల్డ్ సాధించిపెట్టి నేరుగా రెండో శ్రేణికి వచ్చాడాయన. రక్షణను ముందు గట్టిచేసుకుని, అవకాశం దొరికిన చోటే దెబ్బకొట్టే ఆయన పద్ధతి చూడముచ్చటగా ఉండదన్న విమర్శ ఎప్పుడూ ఉంది. సుదీర్ఘ లీగ్‌లో మాత్రం పనికొస్తుంది. కేసు నడుస్తుండగానే, ఏప్రిల్‌లో భువనేశ్వర్‌లో జరిగిన సూపర్ కప్‌లో ఇంటర్ కాశీ పెనాల్టీ షూటౌట్‌లో బెంగళూరు ఎఫ్‌సీని ఇంటికి పంపింది. అదే టోర్నీ నుంచి చర్చిల్ ఆడకుండానే తప్పుకొంది.

తర్వాత ఏమైంది

తీర్పు వచ్చేనాటికి గెలిచినవారి ఆనందం సగమే. సరిగ్గా వారం ముందు, జులై 11న, సూపర్ లీగ్ నిర్వాహకులు కొత్త సీజన్‌ను నిలిపివేస్తున్నట్టు క్లబ్బులకు తెలిపారు. సమాఖ్యతో 2010లో కుదిరిన పదిహేనేళ్ల ఒప్పందం డిసెంబరుతో ముగుస్తుండటం, దాని కొనసాగింపు తేలకపోవడం కారణం. అంత కొట్లాడి సంపాదించుకున్న చోటు ఏ లీగ్‌లోనో కొన్ని నెలలు ఇంటర్ కాశీకే తెలియలేదు. 2026 ఫిబ్రవరిలో, కుదించిన రూపంలో సూపర్ లీగ్ మొదలయ్యాక గాని పద్నాలుగో జట్టుగా దాని ప్రవేశం నిజం కాలేదు.

ఆ అనిశ్చితి హైదరాబాద్‌నూ తాకింది. 2021–22లో సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థిక ఇబ్బందుల్లో చేతులు మారింది, 2024–25లో పన్నెండో స్థానంతో సరిపెట్టుకుంది. 2025 అక్టోబరులో పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా తరలిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి జాతీయ లీగుల పై రెండు శ్రేణుల్లో అప్పుడు మిగిలింది శ్రీనిధి డెక్కన్ ఒక్కటే.

కింది వరుసలో వివాదం ఏమీ లేదు. స్పోర్టింగ్ క్లబ్ బెంగళూరు వచ్చిన ఏడాదే తిరిగి మూడో శ్రేణికి వెళ్లింది, దానితో పాటు ఢిల్లీ ఎఫ్‌సీ కూడా. వాటి స్థానంలో మిజోరం క్లబ్ చాన్‌మారి, బెంగాల్‌కు చెందిన డైమండ్ హార్బర్ పైకి వచ్చాయి. 2022లో పుట్టిన డైమండ్ హార్బర్‌కు అప్పటి కోచ్ కిబు వికూనా. 2019–20లో మోహన్ బగాన్‌కు ఐ-లీగ్ గెలిపించిపెట్టిన స్పెయిన్ వాడే. ఐ-లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, 2025 ఆగస్టులో ఆ జట్టు డ్యూరాండ్ కప్ సెమీఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి ఫైనల్ చేరింది. అక్కడ సూపర్ లీగ్ జట్టు నార్త్ఈస్ట్ యునైటెడ్ చేతిలో 6–1తో ఓడింది.